చిన్నప్ప తెచ్చిన కబురు

మూడో వాల్వు ఎప్పుడూ మొండికేస్తుంది. చిన్నప్ప రోడ్డు పక్క గుంతలోకి నడుం దాకా దిగి, ఇనుప కడ్డీని రెండు చేతులా పట్టుకుని పళ్ళ బిగువున తిప్పుతున్నాడు. మంచుకు తడిసిన మట్టి మోకాళ్ళకు అంటుకుంది. కుడిచేతి బొటనవేలి గోరు ఎప్పుడో నలిగి, నల్లబడి, అలాగే ఉండిపోయింది. పాతపాళ్య పంచాయితీలో ఇరవై ఆరేళ్ళుగా నీళ్ళు వదిలే పని ఆయనది. నీళ్ళొస్తే ఆయన పేరు ఎవరూ ఎత్తరు. రాకపోతే మాత్రం ఊరంతా ఆయన పేరే.

ఇది కాక, అప్పటినుంచే ఆయనకు ఇంకో పని ఉంది. దానికి జీతం లేదు. ఊళ్ళో ఎవరైనా పోతే చుట్టుపక్కల పల్లెల్లోని చుట్టాలకు చెప్పి రావడం. ఫోన్లు లేవా అంటారేమో! ఎందుకు లేవు, ఇంటికి మూడున్నాయి. అయినా గుండె నిబ్బరం లేని ముసలివాళ్ళకు అలాంటి మాట ఫోన్లో ఎలా చెబుతారు? మనిషి వెళ్ళాలి. చిన్నప్పకు మోపెడ్ ఉంది, మాటలో నిదానం ఉంది. అలా ఆ పని ఆయన నెత్తిన పడింది.

చావు కబురు విన్నాక, దహనం అయ్యేదాకా అయినవాళ్ళు పచ్చి మంచినీళ్ళు ముట్టరు. అందుకని చిన్నప్ప గడపలో నిలబడి ముందు ఒకే మాట అడిగేవాడు: "తిన్నారా అమ్మా?" తినలేదంటే ఏదో ఒకటి చెప్పి తినిపించి, వాళ్ళు చెయ్యి కడుక్కున్నాక అప్పుడు మెల్లగా, "మీ అన్నకు కొంచెం నలతగా ఉండాదంట, చూసి పొమ్మన్నారు" అనేవాడు. తాను మాత్రం ఆ ఇంట గుక్కెడు నీళ్ళైనా తాగడు. చావు కబురు మోసినవాడు ఆ ఇంట ఏదీ ముట్టకూడదు. ఇంత దయగా చేసినందుకు ఆయనకు దక్కిందేమిటయ్యా అంటే, ఆయన మోపెడ్ చప్పుడు వినబడితే చాలు, ఆడవాళ్ళు గుండెలు పట్టుకునేవాళ్ళు. పెళ్ళిళ్ళకు కూడా "నువ్వు తాళి కట్టినాంక రాప్పా" అని పిలిచేవాళ్ళు. పాపం, ఆయన నవ్వి ఊరుకునేవాడు.

వాల్వు తిరిగి నీళ్ళు బుసకొట్టేసరికి అంగడి శ్రీరామయ్య రొప్పుతూ వచ్చాడు. ఆయన కోడలు అంబికకు తెల్లవారుజామున చింతామణి ఆస్పత్రిలో కాన్పు అయింది. ఆడపిల్ల. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు, రెండుసార్లు కడుపు పోయాక, నిలిచిన బిడ్డ. ఆ రెండుసార్లూ చేలూరు దగ్గర ఉండే అంబిక తల్లి సులోచనమ్మకు ఫోన్లోనే చెప్పారు. అప్పటినుంచి ఆవిడ ఫోనెత్తడం మానేసింది. పొద్దుటినుంచి ఎంత కొట్టినా మోగి మోగి ఆగిపోతోంది.

"చేలూరు పక్కకు ఎవురన్నా పోతాండారా చిన్నప్పా?"

"నేను పోతానప్పా."

శ్రీరామయ్య ఉలిక్కిపడ్డాడు. "నువ్వా?"

"ఇన్నేండ్లు ఏడుపులే మోసినా. ఒక్క మంచి మాట మోయనీప్పా. ఒకే ఒక్కటి."

ఆ గొంతు విని శ్రీరామయ్య కాదనలేకపోయాడు. "సరే, పో. ఆ మొగం మాత్రం అట్ల పెట్టుకోబాక" అన్నాడు.

చిన్నప్ప ఇంటికి వెళ్ళి స్నానం చేసి, పెట్టెలోని తెల్లచొక్కా తొడుక్కున్నాడు. భార్య అక్కమ్మ గుండీలు పెడుతూ, "పెండ్లికొడుకు మాదిరి ఉండావు పో. ఈపొద్దన్నా ఎవురన్నా నీకు కాఫీ పోస్తారేమో" అని ఎగతాళి చేసింది. దారిలో ఆయన మోపెడ్ అద్దంలో చూస్తూ నవ్వి చూసుకున్నాడు. బాగాలేదు. పళ్ళు కనబడకుండా నవ్వాడు. ఇంకా బాగాలేదు. ఎట్లా చెప్పాలో మాత్రం గట్టిగా అనుకున్నాడు: మోపెడ్ దిగకముందే "మనవరాలమ్మా!" అని కేకెయ్యాలి.

సులోచనమ్మ అరుగు మీద కూర్చుని, పక్కింటి చౌడమ్మతో కలిసి అనపకాయలు ఒలుస్తోంది. మోపెడ్ చప్పుడుకు తలెత్తింది. నాలుగేళ్ళ కింద ఆవిడ అన్న పోయిన కబురు తెచ్చిందీ ఈ మనిషే. ఆవిడ చేతులు ఆగిపోయాయి. ఆ చూపు చూడగానే చిన్నప్పకు అనుకున్నదంతా ఎగిరిపోయింది. నోరు దాని దారిన అది తెరుచుకుంది.

"తిన్నారా అమ్మా?"

చేట జారి గింజలు వాకిలంతా పడ్డాయి. "అయ్యో, అంబికా!" అని చౌడమ్మ శోకం ఎత్తుకుంది. వీధిలో తలుపులు తెరుచుకున్నాయి.

"కాదమ్మా, కాదు! బిడ్డ పుట్టింది. ఆడబిడ్డ. తల్లీ బిడ్డా బాగుండారు!"

సులోచనమ్మ ఏడవలేదు. స్తంభానికి ఒరిగి అంది: "నువ్వెప్పుడూ అట్లే అంటావు కదప్పా. మా అన్న పోయినప్పుడూ అంటివి, నలతగా ఉండాడు, చూసి పొమ్మన్నారని. నేను పోయేసరికి పాడె కడతాండిరి."

ఆయన ఫోన్ తీసి ఆస్పత్రికి కలపబోయాడు. ఆవిడ రెండు చెవులూ మూసుకుంది. "అది వద్దు, నీకు దండం పెడతా!" ఒట్టు వేశాడు, దేవుళ్ళందరినీ పిలిచాడు. జనం జాలిగా తలలూపారు. చిన్నప్ప ఎంత మంచివాడో, ఎంత మెత్తగా చెబుతున్నాడో అనుకున్నారు. జాలితో ఆడిన అబద్ధాలన్నీ కట్టగట్టుకుని ఇప్పుడు ఆయన నిజానికి అడ్డం నిలబడ్డాయి. మహాప్రభో, ఒక తల్లి ప్రాణం కళ్ళముందే కొడిగడుతోంది, ఏం చెప్పాలి ఈవిడకు?

చిన్నప్ప మాట్లాడటం మానేశాడు. చెప్పులు విడిచి, మెట్లెక్కి, నడవలో గోడకు ఆనుకుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ఆకలైతాండాది. ఇంత పెట్టమ్మా."

చౌడమ్మ శోకం సగంలో ఆగిపోయింది. సులోచనమ్మ ఆయన వంక చాలాసేపు చూసింది. తర్వాత లేచి, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్ళి, రాగిముద్ద, అనపగింజల పితికిపప్పు పులుసు తెచ్చి ముందు పెట్టింది. చిన్నప్ప ముద్ద తుంచి, పులుసులో అద్ది, మింగాడు. అది గొంతు దిగేదాకా ఆవిడ రెప్ప వెయ్యలేదు. మళ్ళీ తుంచాడు. చెంబెత్తి గటగటా నీళ్ళు తాగాడు. అప్పుడు ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బావురుమంది.

"ఎవురి పోలికప్పా?"

"నేను యాడ చూసినానమ్మా? ముక్కు మాత్రం నీదేనంట."

ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. "ఇంకో ముద్ద పెట్టించుకో" అంది. ఆయన పెట్టించుకున్నాడు. ఇరవై ఆరేళ్ళ ఆకలి మరి! ఆ పులుసు రుచి గురించి ఆ సాయంత్రం అక్కమ్మకు చెప్పిందే చెప్పి విసిగించాడు.

శివరాత్రి వెళ్ళిన వారానికి చిన్నప్ప పొద్దున లేవలేదు. నిద్రలోనే పోయాడు. చుట్టాలకు ఫోన్లు చేశారు, వెళ్ళి చెప్పేవాడు ఎవడున్నాడు కనుక? సులోచనమ్మ ఫోను మొదటిసారి మోగగానే ఎత్తింది, మనవరాలి ఊసులేమోనని. విని, చాలాసేపు దాన్ని చెవి దగ్గరే ఉంచుకుంది.

దహనం అయిన మర్నాడు క్యారియర్‌తో బస్సు దిగింది. అక్కమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది, ఎవరు చెప్పినా తినడం లేదు. సులోచనమ్మ ఓదార్పు మాటలేవీ ఎత్తలేదు. పక్కన కూర్చుని ముద్ద కలిపి, ఆమె అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"ఆయప్ప మా ఇంట్లో తింటే నా ప్రాణం నిలిచింది. తినమ్మా."

అక్కమ్మ ఆ ముద్దను చూస్తూ కూర్చుంది. తర్వాత తింది.

చావింటి నుంచి గిన్నెలు వెంట తీసుకుపోకూడదని సులోచనమ్మ క్యారియర్ అక్కడే వదిలేసి సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది. అక్కమ్మ దాన్ని తోమి కిటికీలో బోర్లించింది. గిన్నెలు ఆరిపోయాయి గానీ, పట్టుకుంటే చెయ్యి కాలకుండా పిడికి చుట్టిన ఎర్ర గుడ్డపీలిక ఇంకా తడిగానే ఉంది.