పదకొండు నిమిషాల వాన

రాత్రి కురిసిన వాన గాజుగొట్టంలో నాలుగు గీతల ఎత్తున ఉంది. అతను ఆ అంకె పుస్తకంలో వేసి, గొట్టం ఖాళీ చేసి, గుడ్డ చుట్టిన పుల్లతో లోపలి తడి తుడిచాడు. చంటిపిల్ల చెవి తుడిచినంత ముద్దుగా తుడిచాడు.

కొండమీది ఆ ఒంటిగదిలో ఇరవై రెండేళ్లుగా అదే పని. పగలు వాన పడుతున్నంతసేపూ నిమిషానికోసారి గొట్టం చూడాలి. ఎదుటి కొండ నుంచి వచ్చే సిగ్నల్ ఎంతుందో మీటర్‌లో చూడాలి. రెండూ పక్కపక్కన రాయాలి. రాత మొదలయ్యాక ఫోన్ ముట్టకూడదని అతను తనకు తానే ఒక నియమం పెట్టుకున్నాడు. అందరూ అతన్ని చినుకులాయన అంటారు. ఎదుటి కొండ అవతలి ఊళ్లో ఉన్న భార్య కూడా అంతే.

"చినుకులాయన గారూ, బట్టలు ఆరేశాను. మీ మబ్బుల మాటేంటి?" అని పొద్దున్నే ఫోన్ చేసింది.

"మూడింటి దాకా భయంలేదు. ఆ తర్వాత నా పూచీ కాదు."

ఆవిడ నవ్వింది. ఆ నవ్వు కూడా తీగ లేకుండా, గాల్లో తేలుతూ లోయ దాటి వచ్చిందేనని తలుచుకుంటే అతనికి ఇప్పటికీ ముచ్చటే.

పదకొండింటికి ఫోన్ల ఆఫీసు పెద్దసారు జీపులో వచ్చాడు. రెండు కొండల మధ్య ఇంకో టవర్ కావాలా అక్కర్లేదా అన్నది ఆ రోజే తేల్చాలి. కావాలని అతను పదేళ్లుగా అర్జీలు పెడుతున్నాడు. పెద్దవాన పడితే కొండకు ఇవతల ఉన్న ఊళ్లన్నిటికీ అవతలి ఆసుపత్రితో మాట ఉండదు.

"నిమిషానికోసారి రాశావా? మా ఆవిడ నా గురకలు కూడా ఇంత శ్రద్ధగా లెక్కపెట్టదయ్యా," అన్నాడు పెద్దసారు. "గంట సగటు చాలు."

"సగటులో దొరకదు సార్. మన దగ్గర గంట వానంతా పది నిమిషాల్లో కుమ్మేస్తుంది. గోలీకాయల్లాంటి చినుకులు. ఒక్కోటి సిగ్నల్‌ని కాస్త మింగుతుంది, కాస్త పక్కకి చిమ్ముతుంది. ఆ కాసేపూ అవతల ఎవరూ లేనట్టే."

"పది నిమిషాలకి ప్రాణాలేం పోవులే. ఒకటో తారీఖు నుంచి నువ్వు రానక్కర్లేదు. మిషను పెడుతున్నాం."

జీపు కొండ దిగిపోయింది. అతను కాసేపు పుస్తకం అట్ట నిమురుతూ కూర్చున్నాడు.

మూడూ అయిదుకి వాన మొదలైంది. మట్టివాసనతో పాటే ఎడమ భుజంలోంచి ఛాతీలోకి నొప్పి దిగింది. మీటర్ ముల్లు ఇంకా నిండుగానే ఉంది. అప్పుడే ఫోన్ ఎత్తి ఉంటే మాట అందేది. నియమం గుర్తొచ్చి మూడు నిమిషాల అంకెలు రాశాడు. నాలుగో నిమిషంలో కూర్చోలేక ఫోన్ ఎత్తాడు.

"ఆసుపత్రండీ. చెప్పండి," అంది అవతలి గొంతు. అంతలోనే గరగర, ఆపైన ఏమీ లేదు. ముల్లు సున్నా మీద పడి ఉంది.

ఇలాంటి వాన ఎంతసేపుంటుందో అతని కంటే తెలిసినవాడు లేడు. ఇంకో ఏడు నిమిషాలు. పెన్సిల్ మళ్లీ తీసుకున్నాడు. సిగ్నల్ లేదు. సిగ్నల్ లేదు. తొమ్మిదో నిమిషం అంకె సగంలో జారి, గీతై పేజీ అంచుదాకా పోయింది.

పన్నెండో నిమిషంలో వాన తెరిపిచ్చింది. ఫోన్ మోగింది. చాలాసేపు మోగింది.

ఆ రోజు మూడింటికీ నాలుగింటికీ మధ్య ఇరవై రెండు మిల్లీమీటర్ల ఓ మోస్తరు వాన పడిందని, సగటు సిగ్నల్ తృప్తికరమని, టవర్ అనవసరమని పెద్దసారు రిపోర్టు రాశాడు. పుస్తకాలు గోనెసంచిలో పోయాయి. బల్లమీద అతని కళ్లజోడు మాత్రం ఉండిపోయింది. కుడి అద్దం మీద, తుడవబోయి వదిలేసిన బొటనవేలి ముద్ర.