మూడు గంటలకి వచ్చే మనిషి

హోటలు కోటు ఇస్త్రీ చేస్తుంటే కనిపించింది గ్రాన్యాకు, పైనుంచి రెండో గుండీ లేదు. నిన్న సాయంత్రం విప్పి తగిలించినప్పుడు ఉంది. బల్లకింద, బట్టల బుట్టలో, ఉతికే మెషీను రబ్బరు మడతల్లో వెతికింది. దొరకలేదు.

"పాత గుడ్డ కదా, ఊడిపోయుంటుంది," అన్నాడు భర్త కోర్మక్ టీ కలుపుకుంటూ. తరవాత చాలా మెత్తగా, "ఈమధ్య నీకు చాలా పోతున్నాయి గ్రాన్యా," అన్నాడు.

నిజమే. కిందటి వారం ఎడమ కాలి బూటు కనబడకుండా పోయి రెండు రోజులకి పెరట్లో బొగ్గుల గదిలో దొరికింది. తన దగ్గరుండే కారు తాళంచెవి ఎక్కడ పెట్టిందో ఇప్పటికీ తెలీదు. అందుకే రోజూ కోర్మకే దింపుతున్నాడు, తనే తీసుకెళుతున్నాడు. ఒకరోజు అలారం మోగక గంట ఆలస్యమైంది. తన చేత్తో పెట్టుకున్న అలారమే. నలభై నాలుగేళ్ళకే మతి జారిపోతోందేమోనన్న భయం గొంతులో చేపముల్లులా దిగి ఉంది.

సముద్రం ఒడ్డున ఉన్న ఆ హోటల్లో పోర్టరుగా చేరి పదకొండు నెలలు. చేరిన రోజున అత్తగారు పెగ్ అంది కదా, "మగాళ్ళు మోసే పెట్టెలు నువ్వు మోస్తే మావాడు చర్చికి ఏ ముఖం పెట్టుకుని వస్తాడే?" అని. ఆ పెగ్‌కి తుంటి విరిగిన ఏడాది ఆవిణ్ణి రోజుకు రెండుసార్లు మెట్లెక్కించి దించింది గ్రాన్యా చేతులే. ఇరవై రెండేళ్ళుగా బొగ్గు బకెట్లు, బంగాళదుంపల బస్తాలు, నీళ్ళోడే దుప్పట్లు, నిద్రపోయిన పిల్లని మోసింది ఆ వీపే. అప్పుడు ఆ ఇంట్లో ఎవరి నోటా బరువన్న మాట రాలేదు. లిఫ్టు ఆగిపోయిన ఒకరోజు అదే వీపు ఒక జర్మన్ ముసలావిడ పెట్టెను మూడో అంతస్తుకు చేర్చితే, ఆవిడ ఆయాసపడుతూ, "నువ్వు లేకపోతే ఏమైపోయేదాన్నమ్మా," అంది. గ్రాన్యా మెట్ల మలుపులో ఒక్కతే నిలబడి ఏడ్చింది. దుఃఖం కాదది. ఇన్నేళ్ళూ తాను చేసినదాన్ని లోకంలో పని అంటారని ఆ పూటే తెలిసింది.

పెద్ద పోర్టరు ఫింటన్ పని నేర్పాడు. "నడుంతో కాదమ్మాయ్, మోకాళ్ళతో ఎత్తాలి. ముందు మనిషి ముఖం చూడు, తరవాతే పెట్టె చూడు." అరవై దాటిన మనిషి, ఒంటరివాడు, మాట తక్కువ. మూడు నెలల్లో ఆమెకు ఏ గదిలో కిటికీ బిగుసుకుంటుందో, పెళ్ళివారిని ఏ లిఫ్టులో పంపాలో, చావుకని ఊరికొచ్చిన వాళ్ళతో ఎంత తక్కువ మాట్లాడాలో అన్నీ తెలిసిపోయాయి. మేనేజరు లేసీ మేడమ్ అది గమనించింది. జనవరి నుంచి వారానికి రెండు రోజులు కార్క్ నగరంలో హోటలు నడిపే చదువు, మిగతా రోజులు రిసెప్షన్ బల్ల దగ్గర పని అని చెప్పింది. "తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళకి తెలిసినంత హోటలు నాకు కూడా తెలీదు గ్రాన్యా. నువ్వు ఎదుగుతావు," అంది.

ఆ సంగతి చెప్పినప్పుడు కోర్మక్ అరుస్తాడనుకుంది. అరవలేదు. ఫోర్కు పళ్ళెంలో పెట్టి, "మంచిదే," అన్నాడు. ఆ "మంచిదే" విన్నాక ఆమె తన పళ్ళెం పక్కకి జరిపేసింది. ఎందుకో తనకే తెలియలేదు.

ఆ మర్నాటినుంచే అతను మూడు గంటలకి హోటలుకి రావడం మొదలుపెట్టాడు. ఆమె పని ఐదింటికి గానీ అవదు. తలుపుకి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంటాడు. టీ చెప్తాడు, తాగడు. చెంచాతో కలుపుతూనే ఉంటాడు. ఆమె అతిథి ముందు వంగినప్పుడు, నవ్వినప్పుడు, పెట్టె ఎత్తినప్పుడు ఆ చెంచా ఆగుతుంది. బల్ల దగ్గరి ఆడపిల్లలు, "ఎంత ప్రేమో చూడు, పెళ్ళాన్ని చూడకుండా రెండు గంటలు ఉండలేడు," అని మురిసిపోయేవారు. గ్రాన్యా కూడా నవ్వేది. నవ్వుతుంటే వీపు మీద చలి పాకేది. కారులో అతను ఏమీ అనేవాడు కాదు. ఊరు దాటాక మాత్రం, "ఆ నీలం టోపీవాడు నీతో ఏదో అన్నాడు," అనేవాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఈ ఉదయం గుండీ లేని కోటుతోనే వెళ్ళింది. ఫింటన్ ఆమెను సామాన్ల గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

"మీ ఆయన లేసీకి ఫోన్ చేశాడమ్మాయ్. నీకు ఆరోగ్యం బాగాలేదట. నరాల జబ్బట. వస్తువులు పారేసుకుంటున్నావట, టైము మరిచిపోతున్నావట. పెద్ద బాధ్యతలేవీ పెట్టొద్దు, ఈ వారంతో మాన్పిస్తానని చాలా బాధగా చెప్పాడట."

గ్రాన్యా ఒక పెట్టె మీద కూర్చుండిపోయింది. "నిజంగానే పోతున్నాయండీ. ఇదిగో, గుండీ కూడా..."

ఫింటన్ కళ్ళద్దాలు పెట్టుకుని, వంగి, కోటు అంచు వేళ్ళతో పట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు.

"నలభై ఏళ్ళుగా నా గుండీలు నేనే కుట్టుకుంటున్నాను. ఊడిన గుండీ అయితే దారం పీలికలు వేలాడతాయి. ఇది చూడు, దారం రెండు పక్కలా సమంగా తెగింది." తలెత్తకుండానే అన్నాడు. "ఇది కత్తెర."

ఆ మాటతో బూటు, తాళంచెవి, అలారం ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆమె కళ్ళముందు నిలబడ్డాయి. మతి పోలేదు. మతి ఎక్కడికీ పోలేదు. పోయిందని ఊరంతా నమ్మడానికి ఒకడు ఇంట్లోనే కూర్చుని, ఓపిగ్గా, ఒక్కో వస్తువూ దాస్తూ వచ్చాడు. కొట్టేవాడికి కోపం చల్లారుతుంది. ఇతనికి కోపమే లేదు.

డబ్లిన్‌లో నర్సింగ్ చదువుతున్న కూతురు ఓర్లాకి ఫోన్ చేసింది. రెండు క్రిస్మస్‌లుగా ఆ పిల్ల ఇంటికి రాలేదు, డ్యూటీలని చెప్తుంది. గ్రాన్యా చెప్పిందంతా విని ఓర్లా అంది:

"నాన్న మా కాలేజీకి కూడా ఫోన్ చేశాడమ్మా, మొదటి ఏడాది. నాకు మనసు బాగుండదు, హాస్టల్లో ఉంచొద్దు అని. ఇదే మెత్తని గొంతు."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే నువ్వు వెళ్ళి ఆయన్నే అడుగుతావు. స్కూల్లో నా పుస్తకాలు పోయేవి గుర్తుందా? ఎక్కడ పారేస్తావే అని నువ్వు నన్నే కదా తిట్టేదానివి."

తొమ్మిదేళ్ళ పిల్ల ఖాళీ సంచీ పట్టుకుని వంటింటి గడపలో వెక్కుతూ నిలబడిన రోజు గ్రాన్యా కళ్ళకు కట్టింది. ఆ రోజు తాను బంగాళదుంపలు చెక్కు తీస్తూ తలెత్తి కూడా చూడలేదు.

"అమ్మా," అంది ఓర్లా, "ఇవాళ ఆ కారెక్కకు. బట్టలకోసమని కూడా ఇంటికి వెళ్ళకు. ఆయన ఇప్పుడు మంచిగా ఉంటాడు. మంచిగా ఉన్నప్పుడే నాకు భయం."

మూడయింది. బయట గాలివాన ముదిరి సముద్రం గోడ దాటి రోడ్డు మీదికి చిమ్ముతోంది. కోర్మక్ గొడుగు దులుపుకుని లోపలికొచ్చాడు. ఇవాళ టీ చెప్పలేదు. చేతిలో ఆమె ఇంటి కోటు.

"ఇది వేసుకో. లేసీతో అంతా మాట్లాడేశాను. ఇక నీకు ఏ బరువూ ఉండదు," అన్నాడు ఆమె భుజం మీద చెయ్యి వేసి. అందరికీ వినబడేంత ప్రేమగా అన్నాడు. వేళ్ళు మాత్రం ఎముక దాకా దిగాయి.

ఇరవై రెండేళ్ళుగా ఆ వేళ్ళ కింద ఆమె కదలకుండా నిలబడింది. నలుగురిలో కదిలితే సిగ్గు. ఇప్పుడు ఆ సిగ్గు ఎవరిదో తేలిపోయింది. మోకాళ్ళు కొద్దిగా వంచి, భుజం కిందికి దించి, ఆ చేతిలోంచి బయటికొచ్చింది. నేరుగా రిసెప్షన్ బల్ల దగ్గరికి నడిచింది. అక్కడ లేసీ మేడమ్, ఇద్దరు ఆడపిల్లలు, సామాన్ల బండితో ఫింటన్, పేరు రాయించుకుంటున్న కొత్త జంట ఉన్నారు. అందరూ వినేటట్టు, తన మామూలు గొంతుతోనే చెప్పింది.

"మేడమ్, నాకు ఏ జబ్బూ లేదు. మీరు చెప్పిన చదువుకి నేను వెళ్తున్నాను. పైన పనివాళ్ళ గదుల్లో ఒకటి ఖాళీగా ఉందన్నారు, ఇవాళ్టినుంచి నాకివ్వండి. గది నంబరు ఎవరడిగినా చెప్పకండి. ముఖ్యంగా మా ఆయనకి."