ప్రేమ్‌సింగ్ డ్రమ్ములు, బాలయ్య కొబ్బరికాయ

స్పీకరు బాక్సుల ముందు కొబ్బరికాయ కొట్టకపోతే 'ఇసుర్రాయి' బ్యాండు మోత లేవదని ఎల్లారెడ్డిలో ఒక నమ్మకం ఉంది. నమ్మేవారిని తీసిపారేయడానికి లేదు. వారిలో ఒక కాలేజీ లెక్చరరు, ఇద్దరు కరెంటాఫీసు ఉద్యోగులు కూడా ఉన్నారు. రుజువేమిటని అడిగితే వారి దగ్గర సిద్ధంగానే ఉంటుంది. "కామారెడ్డిల రికార్డు చేసిండ్రు గదా, అక్కడ కాయ కొట్టలే. ఏమైంది? రేకుడబ్బా మోగినట్టు మోగింది."

బ్యాండు అంటే ముగ్గురు. గిటారు ఎజాజ్‌ది. బేస్ గిటారు మెడకు తగిలించుకుని పాడేది ఉమాదేవి. ఆమె పగలు ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతుంది. డ్రమ్ములు ప్రేమ్‌సింగ్‌వి. అతను తండా నుంచి రోజూ ఎల్లారెడ్డికి వచ్చి కాలిపోయిన బోరు మోటార్లకు తీగ చుడతాడు. హైదరాబాదులో వీరి పేరు విన్నవారు లేరు. కామారెడ్డిలో విన్నవారు పెళ్లి బ్యాండనుకుని బారాత్‌కు వస్తారా అని ఫోను చేస్తారు. కానీ ఎల్లారెడ్డి ఫంక్షన్ హాల్లో వీరు 'మూడు ఫేజులు' పాట అందుకున్నప్పుడు సంగతి వేరుగా ఉంటుంది. ఎజాజ్ గిటారు బండరాయిలోకి దిగే బోరు యంత్రంలా గుర్రుమంటూ మొదలవుతుంది. ప్రేమ్‌సింగ్ కాలు పెద్ద డ్రమ్ము మీద పడగానే కింద వేసిన ప్లాస్టిక్ కుర్చీలు కదులుతాయి. ఉమాదేవి గొంతు ఆ రెంటి మీదుగా బొంగురుగా, నిటారుగా లేస్తుంది. వినేవారికి దెబ్బ చెవికంటే ముందు రొమ్ముకు తగులుతుంది.

కామారెడ్డి స్టేషను దగ్గర మేడమీద ఘనీకి ఒక రికార్డింగు గది ఉంది. రైలు వచ్చిన ప్రతిసారీ అతను చెయ్యెత్తి పాట ఆపించే ఆ గదిలో ముగ్గురూ నాలుగు కొత్త పాటలు రికార్డు చేశారు. ఉమాదేవి గొంతు బాగానే వచ్చింది. గిటారు వచ్చింది. డ్రమ్ములు మాత్రం పక్కింట్లో ఎవరో పరుపు దులుపుతున్నట్టు వినిపించాయి.

"గదే చెయ్యి, గవే కట్టెలు," అన్నాడు ప్రేమ్‌సింగ్. "ఎల్లారెడ్డిల అట్ల వడ్తది, గిక్కడ గిట్ల వడ్తది. నాకైతే సమజైతలేదు."

"నాకు సమజైంది," అన్నాడు ఎజాజ్. "కంప్యూటర్ల డ్రమ్ములు వేద్దాం. నీకు కోపమొస్తే రానీ. పాట పాడు కావద్దు."

ప్రేమ్‌సింగ్ కోపగించలేదు. కోపానికి ముందు రావలసింది అర్థం కావడం, అదే జరగలేదు. కాయ కొడితే కాలిన మోటారు తిరగదని అతను రోజూ చూస్తున్నవాడు. అటువంటివాడికి ఈసారి మాత్రం బాక్సుల బాలయ్య చెప్పే కొబ్బరికాయ మాటే నిజమైతే బాగుండునని అనిపించింది. లోపం కాయలో ఉంటే చేతిలో లేనట్టే. చేతిలో ఉందని తేలితే కొత్త పాటల్లో అతను ఉండడు. తాను నమ్మని విషయం నిజం కావాలని కోరుకోవడం అతనికి అంతకుముందు అలవాటు లేదు.

బాలయ్య ఎల్లారెడ్డిలో బాక్సులు కిరాయికిచ్చే మనిషి. ప్రోగ్రాం ఏదైనా సరే, ముందు కాయ కొట్టి, ఆ నీళ్లు నాలుగు చుక్కలు బాక్సుల మీద చల్లిగాని స్విచ్చు వేయడు.

పరీక్ష చేసి చూద్దామని ఉమాదేవి అంది. "ఒకే హాలు, అవే బాక్సులు, అదే పాట. ఒకసారి కాయ కొట్టకుండా, ఒకసారి కొట్టి. ఘనీ భాయ్ రికార్డింగు సామాను తీసుకొచ్చి రెండూ రికార్డు చేస్తడు. మూడోది ఎజాజ్ కంప్యూటర్ డ్రమ్ములతోటి చేస్తడు."

"మరి ఏది మంచిగుందో చెప్పేదెవరు? నువ్వా?" అన్నాడు ఎజాజ్.

"మీ అమ్మీ."

ఎజాజ్ నవ్వాడు గాని కాదనలేకపోయాడు. అతని ఇల్లు లింగంపేటలో. మూడేళ్లుగా బ్యాండు సాధన చేసేది ఆ ఇంటి వెనక రేకుల గదిలో. ముందు వరండాలో అతని తల్లి అన్వరి బేగం, వాడలోని మరికొందరు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడతారు. బ్యాండును వారు కళ్లతో చూసింది తక్కువ. గోడ అవతల నుంచి వినని రోజు లేదు.

"మంచిదే," అన్నాడు ఎజాజ్. "ప్రేమూ, నీ చెయ్యేదో, కంప్యూటర్ మిషనేదో వాళ్లు వట్టుకుంటే నీ డ్రమ్ములే ఉంటయ్. వట్టుకోకపోతే మిషనే. సరేనా?"

"సరే," అన్నాడు ప్రేమ్‌సింగ్.

ఆదివారం మధ్యాహ్నం హాలు ఖాళీగా ఉంది. కాయ లేకుండా 'మూడు ఫేజులు' వాయించారు. కుర్చీలు కదిలాయి. ప్రేమ్‌సింగ్ ఆ కుర్చీల వైపు చూశాడు: కాయ లేకుండానే మోత లేచింది. అంటే లోపం తన చేతిదేనా? మరి చేతిదే అయితే ఇక్కడ మోత ఎలా లేచింది? అతను కట్టెలు ఒళ్లో పెట్టుకుని ఈ చిక్కు ఇంకా విప్పుకోకముందే, వైరు చుట్టడానికి బాక్సుల వెనక్కి వెళ్లిన ఉమాదేవి చేతిలో అర కొబ్బరిచిప్పతో తిరిగి వచ్చింది.

"బాలయ్య కాకా, ఇదేంది?"

బాలయ్య తల గోక్కున్నాడు. "ఏం జేద్దు బిడ్డా? కాయ లేకుండ స్విచ్చి ఏద్దామంటె చెయ్యి ఆడలే. పొద్దుగాల మీరు రాకముందే చిన్నదొకటి కొట్టిన. గిది పరీచ్చల లెక్కకు రాదనుకున్న."

"చిన్నదైతే లెక్కకు రాదా?" అన్నాడు ఘనీ. "నేను బస్సుల గింత సామాను మోసుకొచ్చింది చిన్నకాయ కోసమా?"

"ఒక్క కాయ మహిమ ఎంతసేపుంటది కాకా?" ఉమాదేవి నవ్వకుండానే అడిగింది.

బాలయ్యను ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు. బాక్సు మీద చెయ్యి వేసి అన్నాడు, "ప్రోగ్రాం ఒడిసేదాకుంటది. మల్ల తెల్లారితే ఉండది."

కాబట్టి మర్నాడు సాయంత్రం మళ్లీ వచ్చారు. ఈసారి బాలయ్యను రోడ్డుకవతల చాయ్ హోటల్లో కూర్చోబెట్టారు. స్విచ్చు ఉమాదేవి వేసింది. కాయ లేకుండా ఒకసారి వాయించాక బాలయ్యను పిలిచారు. అతను పరుగున వచ్చి పెద్దకాయ కొట్టాడు, మళ్లీ వాయించారు. ప్రేమ్‌సింగ్ రెండుసార్లూ ఒక్కలాగే కొట్టాలని ప్రయత్నించాడు. ప్రయత్నించడం మొదలుపెట్టేసరికి మామూలుగా తాను ఎలా కొడతాడో అతనికి గుర్తు రాలేదు.

ఎజాజ్ కంప్యూటరు దగ్గర కూర్చుని తన వంతు ముగించాక, ఆ పై ఆదివారం పొద్దున అందరూ లింగంపేట వరండాలో చేరారు. మూడు రికార్డులు ఏ వరుసలో వస్తాయో ఘనీకొక్కడికే తెలుసు. ఆడవాళ్లు పని ఆపలేదు. తునికాకు కత్తిరింపు, దారం చుట్టడం సాగుతూనే ఉన్నాయి. ప్రేమ్‌సింగ్ గోడకు వీపు ఆనించి కళ్లు మూసుకున్నాడు.

మొదటిది అయింది. రెండోది అయింది. మూడోది సగంలో ఉండగానే బీడీలు చుట్టేవాళ్లలో భూమక్క అంది, "గిది మొదటిదే గదనె? మల్లెందుకు ఏసిండ్రు?"

"ఒక్కటే," అంది అన్వరి బేగం. "మొదటిది, మూడోది రెండూ ఒక్కటే. ఎవరో కొడుతుండ్రు, బానే కొడుతుండ్రు."

"ఎవరో ఏంది అమ్మీ?" అన్నాడు ఎజాజ్.

"మరి? రెండోది మన ప్రేమ్‌సింగ్‌ది. రోజూ గోడవతల ఇనవడేది గిదే గద బేటా. ఉమ పాట ఎత్తుకునేముంగట జర ఆగి కొడతడు, ఆపి సంపుతడు. నా చెయ్యి గూడ ఆగుతది. గీ పోరనివల్లనే నాకు బీడీలు తక్కువైతున్నయ్."

ఆడవాళ్లందరూ నవ్వారు. ఒక్కరు కూడా వేరే మాట చెప్పలేదు.

ప్రేమ్‌సింగ్ కళ్లు తెరిచాడు. అతని ప్రాణం కుదుటపడింది. "నేను గూడ రెండోదే అనుకున్న," అన్నాడు. "వినంగనే తెలిసింది."

ఘనీ పాట ఆపాడు. ఎజాజ్ వైపు చూశాడు. ఎజాజ్ నేల వైపు చూశాడు.

"రెండోది మిషను," అన్నాడు ఘనీ చివరికి. "మొదటిది కాయ కొట్టింది. మూడోది కొట్టనిది."

వరండాలో దారపు ఉండ ఒకటి దొర్లి మెట్టు దిగింది. ఎవరూ తీయలేదు.

"కాదు," అన్నాడు ప్రేమ్‌సింగ్. "ఆ ఆగి కొట్టుడు నాదే. మిషను ఎందుకాగుతది?"

"నేనే ఆపిన," అన్నాడు ఎజాజ్. "ఆపకపోతే ఉమకు దమ్ము అందుతలేదు. ఇంకోటి గూడ చెప్పాలె. కంప్యూటర్ల సప్పుడు మనకు సూటు కాలే. అందుకని కామారెడ్డిల నువ్వు కొట్టినయే ఒక్కొక్క దెబ్బ తీసుకున్న. మంచిగ వడ్డ దెబ్బలు ఏరి, పక్కపక్కన పెట్టిన."

"అంటే దెబ్బలు నావేనా?"

"నీవే."

"మరి వాయించింది?"

ఎజాజ్ దారపు ఉండ తీసి తల్లి చాటలో వేశాడు. ఉమాదేవి బడిలో పిల్లలు సమాధానం చెప్పేటప్పటిలా చెయ్యెత్తి దించేసింది.

"హాల్లో నేను కూసొని వాయించినయి రెండు," అన్నాడు ప్రేమ్‌సింగ్ నెమ్మదిగా, వేళ్లు మడుస్తూ. "అవి నావి కాదన్నరు. నాకు గూడ కాదనిపించింది. నేను వాయించంది నాదన్నరు. నాకు గూడ నాదే అనిపించింది."

"హాల్లో నువ్వు భయపడుకుంట వాయించినవ్," అంది ఉమాదేవి. "గందుకేనేమో."

"మరి కామారెడ్డిల?"

ఉమాదేవి ఘనీ వైపు తిరిగింది.

"ఇంతకు శర్తు ఎవరు గెలిచిండ్రు?" అన్నాడు ఘనీ. "ప్రేమూ, నీ చెయ్యి వట్టుకుంటె నీ డ్రమ్ములు ఉంటయని ఎజాజ్ అన్నడు. వట్టుకున్నరు. కానీ మిషన్‌ల వట్టుకున్నరు."

"వట్టుకోలేదు," అన్నాడు ఎజాజ్.

"వట్టుకున్నరు గదరా," అంది అన్వరి బేగం. "నేను తప్పు చెప్పిన్నా?"

"తప్పు కాదమ్మీ. ఒప్పు గూడ కాదు."

"నీ చదువు నీ దగ్గరుంచుకో," అని ఆమె చాట సర్దుకుంది. "ప్రేమూ, నువ్వు చెప్పు బేటా. మూడిట్ల ఏది ఉంచమంటవ్?"

ప్రేమ్‌సింగ్ మూడింటినీ మళ్లీ వేయమన్నాడు. ఘనీ వేశాడు. మొదటిదానిలో తన భుజం నొప్పి గుర్తుకు వచ్చింది. మూడోదానిలో హాలు తలుపు దగ్గర నిలబడి చూస్తున్న కుక్క గుర్తుకు వచ్చింది. రెండోదానిలో గుర్తుకు వచ్చేది ఏమీ లేదు. అయినా ఉమాదేవి పల్లవి ఎత్తుకునే ముందు, సరిగ్గా ఆగవలసిన చోట, అతని కుడి పాదం దానంతట అది నేల మీద ఆగింది.

"రెండోదే," అన్నాడు.

కాయ కొట్టిన రికార్డుకూ కొట్టని రికార్డుకూ తేడాను ఆ వరండాలో ఎవరూ చెప్పలేకపోయారు. నాలుగు కొత్త పాటలు రెండోదాని పద్ధతిలోనే తయారై బయటికి వచ్చాయి. డ్రమ్ముల ఎదుట ప్రేమ్‌సింగ్ పేరు వేశారు. ఆ పాటల రికార్డింగు కోసం అతను మళ్లీ కట్టెలు పట్టలేదు.