ఓడినోళ్ళు మోయాల్సిన పలక

బిడ్డ పాకడం మొదలుపెట్టినప్పటినుంచి రోజీకి ఇంట్లో మూలలు తప్ప ఇంకేమీ కనబడడం లేదు. స్టూలు మూల, మంచం కోడు, గడప అంచు. దేన్ని చూసినా ముందు చేత్తో తడిమి చూస్తుంది, గీసుకుంటుందా లేదా అని. అత్త హన్నా నవ్వేది. నీ మొగుడు కిరణ్‌ను చిన్నప్పుడు చెట్టుకొమ్మకు కట్టిన చీర ఉయ్యాల్లో వదిలేసి మధ్యాహ్నం దాకా కలుపు తీసినదాన్ని, వాడికేమైంది అనేది. రోజీ ఊఁ కొట్టి మళ్ళీ తడమడానికి పోయేది.

ఈ వారం ఆ భయం మీద ఇంకో దిగులు వచ్చి కూర్చుంది. ఆదివారం గిద్దలూరు చర్చిలో బిడ్డ రేచల్‌ను దేవునికి ప్రతిష్ఠ చేస్తారు. వాళ్ళ సంఘంలో బిడ్డను పాస్టరుగారి చేతికి అందించేది తాత, అంటే తల్లిని కన్న నాయన. రోజీ నాయన ఆదెయ్య మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే మనిషి. బస్సెక్కితే పూటలో వచ్చేస్తాడు. కానీ రాడు. రెండేండ్లుగా గిద్దలూరులో కాలు పెట్టలేదు.

పెళ్ళయిన నెలకు ఒకసారి వచ్చినాడు, సంచినిండా అరిసెలు మోసుకుని. బస్టాండు దగ్గర బడే సాహెబ్ టీ దుకాణం ముందర పాత కాలేజీవాళ్ళు నలుగురు కూర్చోనున్నారు. అందులో ఒకాయన గ్లాసు దించకుండానే, "పలకలాయన దిగినాడబ్బా, ఇండ్లల్లో పలకలుంటే లోపల పెట్టుకోండి" అన్నాడు. అందరూ నవ్వినారు. ఆదెయ్య సంచి ఎదురొచ్చిన అల్లుడి చేతికిచ్చి, అదే బస్సు తిరిగిపోతుంటే అందులోనే ఎక్కినాడు. ఆ మాటేందో, ఆ నవ్వేందో రోజీకి ఎవరూ విడమరిచి చెప్పలేదు.

సోమవారం కిరణ్ ఫోనులో ఒక లిస్టు వచ్చింది. గిద్దలూరు కాలేజీ పాత విద్యార్థుల గ్రూపులోది. వచ్చే నెల కంభంలో మార్కాపురం కాలేజీతో ఫుట్‌బాల్ మ్యాచి ఉందనీ, ఈసారి రెండు కాలేజీల పాత పలకలన్నీ వరసగా పెట్టి చూపిస్తారనీ, ఏ ఏడు ఎవరు గెలిచినారో ఇదీ వివరమనీ. రోజీ ఇంటర్ మొదటి ఏడాదిలోనే చదువు మానుకున్న పిల్ల. చేతికందిన కాగితం ఆఖరి అక్షరం దాకా చదివే అలవాటు మాత్రం మానలేదు. లిస్టు కిందిదాకా చదివింది. తొంభై ఎనిమిది దగ్గర స్కోరు లేదు. "పలక మార్కాపురం పలకల మనిషి ఎత్తుకుపోయినాడు" అని ఉంది.

కిరణ్‌ను అడిగింది. అతను మోటార్ల వైండింగు షాపుకు పోతూ, "నాకేం తెలుసు, నేను క్రికెట్" అని బండి స్టార్ట్ చేసినాడు.

దాంతో మామను పట్టుకుంది. మామ ప్రభాకరరావు ఎరువుల దుకాణంలో గుమాస్తా, సంఘంలో పెద్ద. ఒకప్పుడు గిద్దలూరు కాలేజీ జట్టులో గోల్ కీపరుగా ఆడినాడని ఇంట్లో ఫోటో ఉంది. రోజీ ప్లేట్లో అన్నం పెడుతూ ఒక ప్రశ్న, మజ్జిగ పోస్తూ ఒక ప్రశ్న అడిగేది. ఆయన మొదట్లో పొడిపొడిగా చెప్పినా, రెండోనాటికి ఆయనే పిలిచి చెప్పడం మొదలుపెట్టినాడు.

ఎనభై నాలుగులో ఎక్కడో కేరళనుంచి వచ్చిన లెక్కల మాస్టారొకాయన మొదటి బంతి తెచ్చినాడంట. మార్కాపురం వాళ్ళు మా ఊర్లో ఆడదామంటే, గిద్దలూరు వాళ్ళు మా ఊర్లోనే అన్నారు. ఇద్దరికీ కాకుండా నడిమధ్య కంభంలో పెట్టుకున్నారు. కంభం చెరువు నీళ్ళు ఎండాకాలానికి వెనక్కి పోతే బయటపడే నేల ఉంటుంది గదా, అదే మైదానం. చెరువు తగ్గని ఏడు ఆట లేదు. అందుకే లిస్టులో కొన్ని ఏండ్లు ఖాళీ.

మొదటి ఏడు రెఫరీ స్కోరు అరచేతిలో పెన్నుతో రాసుకున్నాడంట. ఆట అయ్యేసరికి చెమటకు అంతా అలుక్కుపోయింది. రెండు జట్లూ మేమే గెలిచినామని ఊరేగుకుంటూ పోయినాయి. కంభం రైల్వే గేటు దగ్గర ఎదురుపడి కొట్టుకున్నాయి. అందుకని మరుసటేడు మార్కాపురం నుంచి పలకరాయి తెచ్చినారు, మూరెడు పొడవు. ఆట అయిన తక్షణం రెండు జట్ల కళ్ళముందర స్కోరు మేకుతో గీకాల. సుద్దతో రాస్తే చెరుపుతారు, మేకుతో గీకింది పోదు. కెప్టెన్లిద్దరూ పేర్లు గీకాల. అప్పుడొక నియమం పెట్టుకున్నారు. గెలిచినోళ్ళకు కప్పూ లేదు, దండా లేదు. ఓడినోళ్ళు ఆ పలక మోసుకుపోవాల, అక్షరాలు బయటికి కనబడేటట్టు. పోయి తమ కాలేజీ గోడకే తగిలించుకోవాల.

"అంటే గిద్దలూరు కాలేజీ గోడమీద గిద్దలూరు ఓడిన ఏండ్లే ఉంటాయా మామా?"

"అంతేమ్మా. ఎవురి ఓటమి వాళ్ళింట్లో."

రోజీకి అది వింతగా తోచింది, బాగా కూడా తోచింది. మార్కాపురంలో ఆ పలకలు కోసి ఇచ్చిందీ, గీకిందీ పదేండ్ల పాటు తన నాయనేనని తెలిసినాక గర్వం కూడా కలిగింది. కానీ తొంభై ఎనిమిది అనేసరికి మామ మజ్జిగ గ్లాసు పక్కన పెట్టినాడు. "ఆ ఏడు నాకు జరమమ్మా, నేను పోలేదు" అన్నాడు. లేచి చెయ్యి కడుక్కున్నాడు.

రోజీ నాయనకు ఫోన్ చేసింది. ఆదివారం వస్తావా అని ముందు అడిగితే, ఫ్యాక్టరీలో పని ఉందన్నాడు. ఆదివారం ఫ్యాక్టరీ ఉండదని ఇద్దరికీ తెలుసు. అప్పుడు పలక సంగతి అడిగింది. అవతల కాసేపు రంపం చప్పుడు వినబడింది.

"ఆట సంగతి ఆడినోళ్ళను అడగాల గానీ, రాయి కోసినోడినేందమ్మా అడిగేది" అని ఆదెయ్య ఫోన్ పెట్టేసినాడు.

గురువారం పొద్దున హన్నా వంటింట్లో ఉంది. రేచల్ పాకుతూ మామ మంచం కిందికి దూరింది. అక్కడ ఆయన పాత ట్రంకుపెట్టె ఉంటుంది. చెద పట్టకుండా దానికింద ఒక నల్లరాయి పరిచి ఉంటుంది. ఆ పెట్టెను తీసి ఊడ్వనీయడు ఆయన, చుట్టూ ఊడ్చుకోండి చాలంటాడు. బిడ్డ ఆ రాయి అంచు పట్టుకుని లేవబోతోంది. రోజీ పొట్టమీద పాకి పోయి బిడ్డను ఇవతలికి లాగి, అలవాటు చొప్పున రాయి మూలను తడిమింది.

మూల గుండ్రంగా ఉంది. ఇంకో మూల తడిమింది, అదీ గుండ్రంగానే. బొటనవేలు ఆనించి అరగదీసినట్టు, వేలు సరిగ్గా కూర్చునేంత వంపు. ఆ వంపు రోజీ చిన్నప్పటినుంచి ఎరుగును. ఆదెయ్య చేతినుంచి ఏ పలకా మూలలు అరగదీయకుండా బయటికి పోదు. చట్రం బిగించే పలకకు ఎందుకురా మూలలు రుద్దేది, టైం దండగ అని మేస్త్రీ తిట్టినా వినడు. పట్టుకునే చెయ్యి ఎవరిదో మనకేం తెలుసు అంటాడు.

బిడ్డను అత్త చేతికిచ్చి వచ్చి పెట్టెను జరిపింది. రాయిని తిరగేసింది. దుమ్ము తుడిస్తే తెల్లగా లేచినాయి అక్షరాలు. గిద్దలూరు ఒకటి, మార్కాపురం రెండు. కింద తొంభై ఎనిమిది, మే నెల. ఆ కింద రెండు పేర్లు. అందులో ఒకటి ప్రభాకరరావు.

రోజీ అట్లనే నేలమీద కూర్చుంది. ఇన్నాళ్ళూ తెలుసుకోవాలని ఉబలాటపడింది, తెలిసినాక ఏం చేయాలో తోచలేదు. ఈ మాట బయటపెడితే సంఘంలో పెద్దగా నిలబడే మామ తల దించుకోవాల. పెట్టకపోతే ఆదివారం బిడ్డను అందించడానికి నాయన ఉండడు. కిరణ్‌కు ఫోన్ చేద్దామని తీసి మళ్ళీ పెట్టేసింది. పెట్టెను మాత్రం తిరిగి దానిమీదికి జరపలేదు.

మధ్యాహ్నం అన్నానికి వచ్చిన ప్రభాకరరావు మంచం పక్కన గోడకు ఆనించిన పలకను చూసినాడు. చొక్కా గుండీ తీస్తున్న చెయ్యి ఆగిపోయింది. హన్నా గిన్నె పట్టుకుని వాకిట్లోనే నిలబడింది.

రోజీ అడిగింది. "మామా, ఆ ఏడు గోల్ కీపరుగా నిలబడింది ఎవురు?"

ఆయన మంచంమీద కూర్చున్నాడు. దాచలేదు ఇంక. ఆఖరి నిమిషమంట. బంతి నేరుగా చేతుల్లోకే వచ్చిందంట, జారి కాళ్ళ మధ్యలోంచి పోయిందంట. ఆదెయ్య స్కోరు గీకి, తన చేతులతో పలక ఈయన చేతుల్లో పెట్టినాడు. అది ఏడాదంతా కాలేజీ గోడమీద వేలాడుతుంటే దానికింద నడవలేననిపించింది. కంభంలో తిరుగు లారీ ఎక్కేముందు తువాల్లో చుట్టుకుని ఇంటికి తెచ్చేసినాడు. మర్నాడు పొద్దున కాలేజీలో అడిగితే, పలక నాకియ్యనే లేదన్నాడు.

"ఒక్క మాటమ్మా. రేపు సర్దిచెబుదామనుకున్నా. రేపటికే అది మీ నాయన నెత్తిమీదికి పోయింది. చదువుకున్న పిల్లోడి మాట ముందర రాళ్ళు కోసేవాడి మాట ఎవురు వింటారు?"

"నా సంబంధానికి వచ్చినప్పుడు నాయన నిన్ను గుర్తుపట్టలేదా మామా?"

"చూసిన తక్షణం పట్టినాడు. కాఫీ ఇచ్చినాడు. కిరణూ నువ్వూ ఇష్టపడినారని అప్పటికే తెలుసు. పలక ఊసెత్తలేదు. ఈనాటికీ ఎత్తలేదు."

రోజీకి కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. ఫోనులో వినబడిన రంపం చప్పుడు గుర్తొచ్చింది. తన కాపురం చెడుతుందని నాయన రెండేండ్లు నోరు కట్టుకుని కూర్చున్నాడు, ఆ ఊరి నవ్వు మింగి.

"ఓడినోళ్ళేగదా మామా, మోయాల్సింది" అంది. ఇంకేమీ అనలేదు.

హన్నా మాత్రం అనాల్సినవన్నీ అన్నది. ఇన్నేండ్లు ఆ మంచం చుట్టూ నన్ను గుడ్డిదాన్ని చేసి ఊడ్పించినావు గదా అన్నది. ఆ పూట ఆయనకు ఊరగాయ వేయలేదు.

శనివారం పొద్దున రోజీ బిడ్డకు టోపీ తొడుగుతుంటే ప్రభాకరరావు చర్చికి వేసుకునే తెల్లచొక్కాతో బయటికి వచ్చినాడు. చంకలో పలక. కిరణ్ అందుకోబోతే ఇయ్యలేదు. బస్సులో దాన్ని ఒళ్ళో నిలబెట్టి పట్టుకున్నాడు, అక్షరాలు నడవ వైపు. కండక్టర్ టికెట్లు కొడుతూ వంగి చదివి, ఏంది సార్ ఇది అన్నాడు.

"తొంభై ఎనిమిదిలో మేము ఓడినాం" అని చెప్పినాడు ప్రభాకరరావు. చెప్పి కిటికీలోకి చూసినాడు. రోజీకి ఆయన చెవులు ఎర్రబడడం కనిపించింది.

మార్కాపురంలో ఆదెయ్య అప్పుడే ఫ్యాక్టరీనుంచి అన్నానికి వచ్చి, కాళ్ళమీది బూడిద రంగు పొడి కడుక్కుంటున్నాడు. మనుషులకన్నా ముందు పలకను చూసినాడు. చెంబు కింద పెట్టి దగ్గరికొచ్చి, నాలుగు మూలలూ ఒక్కొక్కటే బొటనవేలితో తడిమినాడు.

"బావా, నేను..." అంటూనే ప్రభాకరరావు పలకను ముందుకు చాపినాడు.

ఆదెయ్య అందుకోలేదు. "నాకిస్తావేంది? నేను ఓడలేదే. ఇది మీ కాలేజీ గోడకు పోవాల్సిన రాయి."

"తీసుకుపోయి తగిలిస్తా."

"బస్టాండునుంచి నువ్వే మోయాల. ఆ టీ దుకాణం ముందరనుంచి."

"మోస్తా."

ఆదెయ్య మేకుకున్న చొక్కా తీసి తొడుక్కున్నాడు. "అయితే చూడాల్సిందే" అని రోజీ చేతుల్లోనుంచి రేచల్‌ను తీసుకున్నాడు. టోపీ చెవులమీదికి సరిగా లాగు నాయనా అంది రోజీ. లాగినాడు.

సాయంత్రం గిద్దలూరు బస్టాండులో దిగినారు. ముందు ప్రభాకరరావు, రొమ్ముకు పలక ఆనించుకుని. వెనక ఆదెయ్య, భుజంమీద బిడ్డ. ఆ వెనక రోజీ, బిడ్డ చెయ్యి పలక వైపు పోతుందేమోనని చూసుకుంటూ. టీ దుకాణం ముందర ఆ నలుగురూ ఉన్నారు. నవ్వడానికి తెరిచిన నోర్లు చదవడానికి సరిపోయినాయి. ఒకాయన పేరు దాకా చదివి ప్రభాకరరావు మొహంలోకి చూసినాడు, గ్లాసు కింద పెట్టినాడు.

బడే సాహెబ్ బయటికి వచ్చి బల్ల తుడిచినాడు. "కూర్చో అన్నా, టీ తాగిపో" అన్నాడు ఆదెయ్యతో.

"ఇప్పుడు కాదు భాయ్, ఈయన్ను కాలేజీ దాకా తోలుకుపోవాల" అన్నాడు ఆదెయ్య. బిడ్డను ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "రేపు ప్రార్థనయినాక వస్తా. ఇక్కడే ఉంటాగదా."