శ్రీపతి తేల్చిన హంతకుడు

విదేశంలో ద పాండ్స్ అనే పేటలో కొన్ని తెలుగు కుటుంబాలు నెలకోసారి ఎవరో ఒకరింట్లో భోజనాలకు కలుస్తాయి. తిన్నాక ఇంటాయన ఏదో ఒక విషయం మీద మాట్లాడాలన్నది ఆనవాయితీ. ఈసారి వంతు శ్రీపతిది. బ్యాంకు ఉద్యోగి అయిన ఈ పెద్దమనిషికి, విక్టోరియా రాణి కాలంలో లండన్ వైట్‌చాపెల్ వీధుల్లో ఆడవాళ్ళను వరసగా చంపి దొరక్కుండా పోయిన హంతకుడంటే తగని మోజు. నూరేళ్ళు దాటినా ఎవరూ తేల్చలేని కేసును సోఫాలో కూర్చుని తేల్చేస్తానన్న ధీమా కూడా ఉంది.

శ్రీపతి ఇంట్లో ఆయన భార్య కనకదుర్గ తమ్ముడు ఉపేంద్ర కూడా ఉంటాడు. ఇంజనీరు. ఉద్యోగంలో ఉండగానే లేని గొంతులు వినపడసాగితే అక్క పంచన చేరాడు. మందులతో ఇప్పుడు చాలా నయం. అయినా అడిగినవాళ్ళకు వర్క్ ఫ్రమ్ హోమ్ అనే చెబుతారు. మేనమామకు మతి సరిగా లేదంటే కూతురు భానుశ్రీకి సంబంధాలు రావని వాళ్ళ భయం. మన షుగరూ బీపీల సంగతి విస్తరి ముందే చెప్పుకుంటాం గానీ, ఈ జబ్బును మాత్రం గదిలో పెట్టి తలుపేస్తాం.

ఆ వారమంతా అనుమానితుల వివరాలు వెతికిపెట్టింది ఉపేంద్రే. నదిలో శవమై తేలిన లాయరు, నాటుమందులమ్మే అమెరికా డాక్టరు, పిచ్చాసుపత్రి పాలైన పోలండ్ యూదు బార్బరు. ఆ బార్బరు మీద గట్టి సాక్ష్యం లేదనీ, పరాయిదేశపు పేదవాడు, పైగా రోగి కాబట్టే నింద సులువుగా అతుక్కుందనీ బావగారికి ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఆ ఉత్సాహంలోనే, జబ్బు చేశాక మొదటిసారి, తానూ వచ్చి జనంలో కూర్చుంటానన్నాడు. కనకదుర్గ ఆనందం పట్టలేక అతని చొక్కా తనే ఇస్త్రీ చేసింది.

తీరా ఉపన్యాసం లాయరు దగ్గరకొచ్చేసరికే జనం ఫోన్లు తీశారు. ద్వారకానాథ్ అంకుల్ ఆవులించి, ఇంతకీ చంపిందెవరో చెప్పవయ్యా అన్నారు. తెలియదు అనడానికి శ్రీపతికి నోరు రాలేదు.

"బార్బరే అంకుల్. పెళ్ళీపెటాకులు లేవు, తనలో తను మాట్లాడుకునే రకం. ఇంకేం ప్రూఫ్ కావాలి?"

అంతటితో ఆగినా బాగుండేది. వేషం కూడా కట్టాడు. మెడ ఒక పక్కకు వాల్చి, పెదవులు కదుపుతూ, వేళ్ళను ఒక్కొక్కటిగా బొటనవేలికి తాకిస్తూ హాల్లో అటూ ఇటూ నడిచాడు. ఇల్లంతా పగలబడి నవ్వింది. ఆ నడక ఎవరిదో శ్రీపతికి నడుస్తుండగానే తెలిసింది. తెలిసీ ఆగలేదు, ఆ నవ్వులు అంత రుచించాయి మరి. కనకదుర్గ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఉపేంద్ర మాత్రం రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, అందరితో పాటు నవ్వుతూ చివరిదాకా కూర్చున్నాడు.

అందరూ వెళ్ళాక భానుశ్రీ ప్లేట్లు తీస్తూ తండ్రి మొహం చూడకుండానే అంది.

"దట్ వజ్ మావయ్య, నాన్నా. యూ డిడ్ మావయ్య."

శ్రీపతి సిగ్గుతో చచ్చిపోయాడు. కన్నకూతురి ముందు ఇంత చులకనైన రోజు అతని బతుకులో లేదు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. తొక్కినవాడికి కడుక్కోక తప్పుతుందా! క్షమాపణ మాటలు కూడగట్టుకుంటూ మేడ మెట్లెక్కాడు. ఎక్కుతుండగా మధ్యలో, పోనీలే, అది ఎవరి నడకో బయటివాళ్ళకు తెలియలేదుగా అని కాస్త ఊరట కూడా కలిగింది.

ఉపేంద్ర మంచం మీద కూర్చుని ఆ ఇస్త్రీ చొక్కా మడత పెడుతున్నాడు.

"తప్పు చేశాను ఉపేంద్రా. బుద్ధి గడ్డి తింది," అన్నాడు శ్రీపతి.

ఉపేంద్ర గబుక్కున లేచి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఊరుకోండి బావగారూ. అది నేనని ఎవ్వరికీ తెలీలేదు, అందరి మొహాలూ చూశాగా. మన భానుశ్రీ సంబంధాలకేం ఇబ్బంది లేదు."

ఆ మాటకు శ్రీపతి తలెత్తి అతని మొహం చూడలేకపోయాడు.