శనివారాల ముడులు

రెండో తరగతి చదివే దుర్గాసాయి ఈసారి పక్కపిల్ల చెయ్యి రక్తం వచ్చేలా కొరికింది.

"తల్లులందరూ నా మీదికొస్తున్నారు రాముడూ. ఇలాగే సాగితే బడిలో ఉంచుకోలేను," అన్నారు అశోక్ మాస్టారు.

రాముడు తల ఊపి మనవరాల్ని ఇంటికి తెచ్చుకున్నాడు. బడి లేకపోతే పిల్లని ఎక్కడ దింపాలి? తనూ భార్య నూకరత్నమూ చీకటితోనే పడవెక్కి గోదాట్లో వల వెయ్యాల్సినవాళ్ళు. పిల్ల తల్లి కువైట్‌కి ఇంటిపనికి వెళ్ళి పది నెలలైంది. తండ్రి ఊసే లేదు.

పిల్లని కొట్టి చూశారు. పెద్దాపురం మరిడమ్మకి మొక్కారు. ఆఖరికి రాజమండ్రిలో ఇలాంటి పిల్లల్ని చూసే హేమశ్రీ మేడం దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ గళ్ళ కాగితమొకటి ఇచ్చి, పిల్ల కొరికినప్పుడల్లా ఏ రోజో రాయమన్నారు. రాయడం సరిగా రాదని చెప్పుకోలేక రాముడు దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మూడు వారాల తర్వాత ఆవిడ బల్లమీద వల తాడు చుట్ట పెట్టాడు.

"ఇదేంటండి?"

"రోజుకో జానండి. కొరికితే ముడి. ఎర్ర దారం కట్టింది ఆదివారం."

నూకరత్నం తల కొట్టుకుంది. "కాగితమిత్తే తాడు తెచ్చాడండి ఈ మడిసి. నోరుంటే గదా."

మేడం నవ్వలేదు. తాడు ఒళ్ళోకి తీసుకుని వేళ్ళతో తడుముకుంటూ పోయారు. ప్రతి ఎర్ర దారానికీ ముందు జానలో ముడులు గుత్తులు కట్టి ఉన్నాయి.

"అన్నీ శనివారాలే. శుక్రవారం మీ ఇంట్లో ఏం జరుగుతుందండి?"

"దాని అమ్మ ఫోన్ చేత్తదండి," అంది నూకరత్నం. "మాటాడినంతసేపూ బానే ఉంటది."

"పెట్టేశాక పాప ఏమడుగుతుంది?"

"అమ్మెప్పుడొత్తదని."

"మీరేమంటారు?"

రాముడు కిటికీ వైపు చూశాడు. నూకరత్నమే చెప్పింది. "రేపొచ్చేత్తదంటామండి. పసిదానికి ఇంకేం చెప్తామండి."

మేడం తాడు బల్లమీద పెట్టారు. "ప్రేమకొద్దీ అన్నారు, తెలుసు. కానీ పాప ప్రతి శనివారం తల్లికోసం ఎదురుచూస్తోంది. నిజం చెప్పండి. కోపం ఇంకా పెరగొచ్చు. కొట్టకండి. పక్కనే ఉండండి."

"పెరిగితే బడి పోద్దండి," అన్నాడు రాముడు.

"మాస్టారితో మాట్లాడతాను. ఆయన ఒప్పుకుంటారని మాత్రం మాటివ్వలేను."

శుక్రవారం సాయంత్రం ఫోన్ పెట్టేశాక పిల్ల అడిగింది. రాముడు వల సర్దుకుంటూ ఉండిపోయాడు. మూడోసారి అడిగాక చెప్పాడు.

"ఇప్పట్లో రాదమ్మా. ఇంకా ఏడాది పైనే పడుద్ది."

దుర్గాసాయి అతని ముంజేతిని కరిచి పట్టుకుంది. వదల్లేదు. "చాలా ఇప్పుడు, సంబరంగా ఉందా," అని మొగుణ్ణి దెప్పి, నూకరత్నం పిల్ల మీదికి చెయ్యెత్తింది. రాముడు రెండో చేత్తో అడ్డుకున్నాడు.

మర్నాడు అతను చేపల వేటకి పోలేదు. బడి గోడ పక్కన కూర్చున్నాడు. లోపల ఏ పిల్ల అరిచినా గోడ మీంచి తొంగి చూసేవాడు. అన్నాల వేళకి మాస్టారు బయటికొచ్చారు. రాముడు లేచి నిలబడ్డాడు.

"ఎవర్నీ కొరకలేదు," అన్నారాయన. "పొద్దుట్నించీ ఒకటే ఏడుపు. అన్నం ముట్టట్లేదు. ఏం చేశావయ్యా పిల్లని?"

తల్లి వెళ్ళిన రోజు కూడా ఆ పిల్ల ఏడవలేదు. రాముడు చెప్పులు గుమ్మం దగ్గర వదిలి లోపలికి వెళ్ళాడు.