ఆమబెల్ పక్కన చోటు

ఆదివారం చర్చిలో మోకరిల్లే ముందు ఫుల్క్ దొర చేతితొడుగులు తీసి, చనిపోయిన మొదటి భార్య చేతిలో పెట్టేవాడు. సమాధి మీద పాలరాతి బొమ్మై పడుకున్న ఆమబెల్ వాటిని ప్రార్థన అయ్యేదాకా పట్టుకుని, మళ్లీ ఇచ్చేసేది. పక్కనే ఆయన బొమ్మ, బతికుండగానే చెక్కించుకున్నది.

రెండో భార్య హవీస్ చేతులు ఖాళీగానే ఉండేవి.

"నేను లేనా పట్టుకోవడానికి?" అందొకసారి.

"అలవాటు" అన్నాడాయన.

హవీస్ పోరగా పోరగా దొర శిల్పి వైమండ్‌ను పిలిపించాడు. దొరకు రెండోపక్కన హవీస్ బొమ్మ కూడా చెక్కాలి.

"ఇటు గోడ ఉంది దొరసానమ్మా" వైమండ్ తల గోక్కున్నాడు. "పెద్ద దొరసాని జరిగితే తప్ప..."

"అదా జరిగేది! చచ్చి కూడా మొగుణ్ణి వదల్లేదు."

మర్నాడు చూస్తే ఆమబెల్ జరిగి ఉంది. రాతి మొగుడికీ ఆమెకూ నడుమ ఖాళీ. ఆ చర్చిలో రాళ్లు ఎందుకు జరుగుతాయో ఊరందరికీ తెలుసు. ఫుల్క్ తండ్రి, ముసలి దొర బొమ్మ చోటు చేయడానికి కాళ్లదగ్గరి రాతికుక్కను పక్కకు తన్నిన వారానికే ఆయన పెళ్లాం పోయింది. హవీస్‌కూ తెలుసు.

"పోతే పోతాను, ఆయన పక్కనేగా! కొలత తియ్యి."

వైమండ్ కొలకర్ర పెట్టాడు. మళ్లీ పెట్టాడు. తలెత్తలేదు.

"చెప్పవేం?"

"మీకు చాలదమ్మా. ఇది... పసిపిల్ల పట్టేంత."

ఇంట్లో ఆమె పసికూతురు సిబిల్ పొద్దుటినుంచి ఒళ్లు కాలిపోతూ పడుకుని ఉంది. పళ్లొస్తున్నాయిలే అనుకుని వచ్చేసింది హవీస్.

ఆమె సమాధి మీద పడింది. ఎన్నడూ అనని మాట అంది.

"అక్కా!"

మొగుడి రాతిచేతిని లాగి ఆమబెల్ చేతికి ఆనించబోయింది. అందలేదు.

"ఆయన నీవాడేనక్కా. నాకు చోటొద్దు. నన్ను గోడవతల పాతిపెట్టమంటాను. ఇటు జరుగు. నీకు దణ్ణం పెడతా, జరుగు."

రాయి రాయిని ఒరుసుకున్న చప్పుడు. వైమండ్ టోపీ తీసి, సామాన్లు సర్దుకున్నాడు.

ఇంటికి వెళ్లేసరికి సిబిల్ లేచి కూర్చుని గంజి కోసం ఏడుస్తోంది.

ఆదివారం ఫుల్క్ దొర తొడుగులు తీశాడు. ఏమనుకున్నాడో, ఈసారి హవీస్ వైపు చాచాడు.

"అక్కకే ఇవ్వండి" అందామె.

చంకలో సిబిల్ ఉంది. హవీస్ చేతులు ఖాళీగా లేవు.